సీరియల్ కన్సోల్‌లో వీఐ తెరిస్తే పై మూలకే అతుక్కుపోతోంది: టెర్మినల్ సైజ్ ఎలా సరిచేయాలి?

కాలవగట్టు
అందరికీ నమస్కారం. తణుకు దగ్గర మా బాబాయి వాళ్ళ రైస్ మిల్లు ఆఫీసులో ఒక చిన్న కంప్యూటర్ పెట్టె పెట్టాను. అందులో ఫ్రీబీఎస్‌డీ 14 అనే ఆపరేటింగ్ సిస్టమ్ నడుస్తోంది. మానిటర్ లేదు, కీబోర్డు లేదు. రోజూ లెక్కల ఫైళ్ళు బ్యాకప్ తీయడమే దాని పని. నెట్‌వర్క్ పోయినప్పుడు లోపలికి వెళ్ళడానికి యూఎస్‌బీ నుంచి సీరియల్‌కి మార్చే కేబుల్ ఒకటి వేశాను. ల్యాప్‌టాప్‌లో టెర్మినల్ కిటికీ (కమాండ్లు కొట్టే విండో) పెద్దది చేసుకుని లాగిన్ అవుతాను. కానీ వీఐ అనే టెక్స్ట్ ఎడిటర్ తెరిస్తే ఎడమ పక్క పై మూలలోనే కనిపిస్తుంది, మిగతా కిటికీ అంతా ఖాళీ. పొడుగు కమాండ్ కొట్టి వెనక్కి చెరిపితే కర్సర్ ఎక్కడికో పోతుంది.

నెట్‌లో చూసి, కాలమ్స్ (ఒక వరుసలో పట్టే అక్షరాలు) 200 అని సెట్ చేశాను. అప్పుడు లైన్లు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఆ స్థితిలోనే క్రాన్‌టాబ్ (ఏ పని ఎప్పుడు నడవాలో రాసే ఫైల్) దిద్దాను. ఒక దారిలో స్లాష్ ఒకటి పోయిందని నాకు కనబడనే లేదు. స్క్రిప్ట్ దొరక్క నాలుగు రోజులు బ్యాకప్ జరగలేదు. ఆ నాలుగు రోజుల్లో డిస్క్ పోయి ఉంటే బాబాయికి ఏం చెప్పేవాణ్ణో అని ఇప్పటికీ టెన్షన్. దీన్ని సరిగ్గా అర్థం చేసుకుని సరిచేయాలి, దయచేసి సాయం చేయండి.

కమాండ్లు పలికినట్టే తెలుగులో రాస్తున్నాను. కొట్టేటప్పుడు మాత్రం ఇంగ్లీషు అక్షరాలే.

పాతమోడెమ్
తమ్ముడూ, ముందు మూడు సంగతులు చెప్పు. ఒకటి, సీరియల్‌లో లాగిన్ అయ్యాక ‘ఎస్‌టీటీవై సైజ్’ (టెర్మినల్ సైజ్ చూపే కమాండ్) అని కొడితే ఏం వస్తుంది? రెండు, అదే పెట్టెలోకి ఎస్‌ఎస్‌హెచ్ (నెట్‌వర్క్ మీద లాగిన్) ద్వారా వెళ్ళి అదే కొడితే ఏం వస్తుంది? మూడు, సీరియల్ కోసం ల్యాప్‌టాప్‌లో ఏ ప్రోగ్రాం వాడుతున్నావు: సీయూనా, మినీకామా, పికోకామా, పుట్టీనా? ఇవి తెలియకుండా చెప్తే మళ్ళీ 200 లాంటి అంకే చేతికిచ్చినట్టు అవుతుంది.

కాలవగట్టు
మోడెమ్ గారూ, సీరియల్‌లో ‘0 0’ అని వస్తోంది. ఎస్‌ఎస్‌హెచ్‌లో ‘45 160’. ల్యాప్‌టాప్‌లో లైనక్స్, పికోకామ్ వాడుతున్నాను. వేగం 115200.

పాతమోడెమ్
అయితే జబ్బు దొరికింది. ఆ రెండు సున్నాలే నీ సమస్య. కాస్త వివరంగా చెప్తాను.

ప్రతి టెర్మినల్‌కీ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) తన దగ్గర ఒక చిన్న చీటీ పెట్టుకుంటుంది. వరుసలెన్ని, నిలువు గళ్ళెన్ని అన్నవి అందులో ఉంటాయి. వీఐ, లెస్, టాప్ లాంటి తెర నిండా నడిచే ప్రోగ్రాములు మొదలవగానే ఆ చీటీనే అడుగుతాయి. నీ కిటికీ నిజంగా ఎంత ఉందో వాటికి తెలియదు, తెలుసుకోవు కూడా. చీటీలో ఏది రాసి ఉంటే అదే వాటికి నిజం.

ఇప్పుడు ఆ చీటీ ఎవరు రాస్తారు? నీ ల్యాప్‌టాప్‌లో మామూలు టెర్మినల్ కిటికీ తెరిస్తే, కిటికీ గీసే ప్రోగ్రామే రాస్తుంది. నువ్వు మౌస్‌తో మూల పట్టుకుని లాగినప్పుడల్లా కొత్త అంకెలు రాస్తుంది. వెంటనే కెర్నల్ లోపల నడుస్తున్న ప్రోగ్రాంకి సిగ్‌విన్చ్ అనే సిగ్నల్ పంపుతుంది. ‘సైజ్ మారింది, మళ్ళీ గీసుకో’ అని దాని అర్థం. ఎస్‌ఎస్‌హెచ్‌లో అయితే లాగిన్ అయ్యేటప్పుడే ఈ అంకెలు అవతలి పక్కకి వెళ్తాయి. తర్వాత కిటికీ మారితే దానికి వేరే సందేశం ఉంది. ఇదంతా 2006లో వచ్చిన ఎస్‌ఎస్‌హెచ్ నియమాల పత్రం ఆర్‌ఎఫ్‌సీ 4254లోనే రాసి ఉంది. అందుకే నీకు అక్కడ 45 160 సరిగ్గా వచ్చింది.

సీరియల్ తీగ అలా కాదు. దాని మీద అక్షరాలు తప్ప ఇంకేమీ పోవు. కిటికీ ఎంత పెద్దదో చెప్పే పక్క దారి అందులో లేదు. ఇవతల నువ్వు కిటికీ ఎంత లాగినా అవతలి కెర్నల్‌కి ఆ కబురు అందదు. చీటీ ఖాళీగానే ఉంటుంది, అవే నీ సున్నాలు. చీటీ ఖాళీ అయితే ప్రోగ్రాములు టెర్మినల్ రకం చూసి, వీటీ100 (ఒక పాత టెర్మినల్) అని ఉంటే 24 వరుసలు 80 గళ్ళు అనుకుంటాయి. వీఐ నీకు మూలలో కనబడటానికి కారణం ఇదే.

కర్సర్ ఎందుకు ఎక్కడికో పోతోందంటే, షెల్ (నువ్వు కొట్టే కమాండ్లు అందుకునే ప్రోగ్రాం) 80వ గడి దగ్గర లైను మడత పడింది అనుకుంటుంది. నీ కిటికీలో 160 దాకా మడత పడదు. వెనక్కి చెరిపేటప్పుడు షెల్ ‘పై వరుసకి వెళ్ళు’ అని పంపుతుంది, కిటికీ నిజంగానే పై వరుసకి వెళ్తుంది. కాలమ్స్ 200 పెట్టినప్పుడు దీనికి తిరగబడ్డ తప్పు జరిగింది. ప్రోగ్రాం 200 అనుకుంటోంది, కిటికీలో ఉన్నవి 160. మిగిలిన 40 అక్షరాలు కింద వరుస మీద పడ్డాయి. అసలు కంటే పెద్ద అంకె పెట్టడమే ఎక్కువ ప్రమాదం. చిన్న అంకె పెడితే చోటు వృథా అవుతుంది, పెద్దది పెడితే కళ్ళముందు ఉన్నది అబద్ధం అవుతుంది.

ఇప్పటికిప్పుడు చేయాల్సింది: ‘ఎస్‌టీటీవై రోస్ 45 కాలమ్స్ 160’. పికోకామ్ తనంతట తాను ఏమీ గీయదు, వచ్చిన అక్షరాలని యథాతథంగా నీ కిటికీకి అందిస్తుంది. కాబట్టి ల్యాప్‌టాప్‌లో అదే కిటికీలో, పికోకామ్ మొదలుపెట్టే ముందు ‘ఎస్‌టీటీవై సైజ్’ కొడితే నీకు నిజమైన అంకెలు దొరుకుతాయి. వాటినే అవతల పెట్టు.

కాలవగట్టు
మోడెమ్ గారూ, పని చేసింది! వీఐ కిటికీ నిండా వచ్చింది. ఇన్నాళ్ళూ దీన్ని వీఐ సమస్య అనుకున్నాను. కానీ బయటికి వచ్చి మళ్ళీ లాగిన్ అయితే మళ్ళీ 0 0. ప్రతిసారీ అంకెలు కొట్టాల్సిందేనా?

అట్లాంటా_రాత్రులు
మధ్యలో ఒక మాట. ఈ 80, 24 అంకెలు ఊరికే వచ్చినవి కావు. డెక్ కంపెనీ 1978లో తెచ్చిన వీటీ100 తెర మీద 24 వరుసలు, 80 గళ్ళు. 132 గళ్ళకి మారే వీలు కూడా దానికుంది. 80 అనేది ఇంకా పాతది: 1928లో ఐబీఎం తెచ్చిన పంచ్ కార్డులో 80 నిలువు వరుసలు. మన పెద్దవాళ్ళలో కార్డులు గుద్దిన తరం ఇంకా ఉంది. ఆ కార్డు వెడల్పే ఇవాళ రైస్ మిల్లు పెట్టెలో వీఐని మూలకి నెట్టిందంటే నాకు చాలా ఆశ్చర్యంగా అనిపిస్తుంది.

నల్లకన్సోల్
కాలవగట్టు గారూ, అంకెలు చేత్తో కొట్టనక్కర్లేదు. ఫ్రీబీఎస్‌డీలో ‘రిసైజ్‌విన్’ అనే చిన్న ప్రోగ్రాం వ్యవస్థతోపాటే వస్తుంది. సీరియల్‌లో లాగిన్ అయ్యాక ఆ ఒక్క మాట కొట్టి చూడండి.

అది చేసే పని చాలా తెలివైనది. సైజ్ చెప్పే దారి లేదు కదా, అందుకని ఉన్న దారిలోనే, అంటే అక్షరాలతోనే అడుగుతుంది. కర్సర్‌ని 999వ వరుస, 999వ గడికి పొమ్మంటుంది. అంత పెద్ద కిటికీ ఎవరికీ ఉండదు కాబట్టి కర్సర్ కింద కుడి మూలలో ఆగిపోతుంది. అప్పుడు ‘ఇప్పుడు ఎక్కడున్నావు?’ అని అడిగే సంకేతం పంపుతుంది. కిటికీ ‘45, 160’ అని జవాబిస్తుంది. ఆ అంకెల్ని కెర్నల్ చీటీలో రాసి, కర్సర్‌ని మునుపటి చోటికి తెచ్చేస్తుంది. ఇదంతా రెప్పపాటులో అయిపోతుంది.

కొత్త ఫ్రీబీఎస్‌డీలో యూజర్‌కి ఇచ్చే డాట్ ప్రొఫైల్ ఫైల్లో (లాగిన్ అవగానే నడిచేది ఇదే) ‘రిసైజ్‌విన్ మైనస్ జెడ్’ అనే లైను ముందే ఉంటుంది. సైజ్ సున్నా అయి ఉంటేనే అడుగు, లేకపోతే వదిలేయ్ అని ఆ జెడ్‌కి అర్థం. మీకు రాలేదంటే పాత మెషీన్ నుంచి పాత ప్రొఫైల్ ఫైలే తెచ్చుకున్నారని నా అనుమానం.

కాలవగట్టు
నిజమే అన్నా. నా పాత డాట్ ఫైళ్ళన్నీ కాపీ చేసుకున్నాను. ఆ లైను లేదు.

నల్లకన్సోల్
అయితే చివర్లో అది చేర్చండి. ఒక్క జాగ్రత్త: ఇలా తెరని ప్రశ్న అడిగే కమాండ్లు మనిషి ఎదురుగా కూర్చున్న లాగిన్‌లోనే నడవాలి. స్క్రిప్టులు చదివే ఫైల్లో పెట్టకండి. అక్కడ జవాబు చెప్పే తెర ఉండదు, పైగా ఆ సంకేతాల అక్షరాలు మీ స్క్రిప్ట్ అవుట్‌పుట్‌లో కలుస్తాయి. లాగిన్ అయ్యాక కిటికీ సైజ్ మారిస్తే జెడ్ లేకుండా ‘రిసైజ్‌విన్’ మీరే ఇంకోసారి కొట్టాలి. సీరియల్‌లో అది తప్పదు.

వంటింటి_సర్వర్
లైనక్స్ పెట్టెలున్న వాళ్ళ కోసం నేను చెప్తాను. అక్కడ ఇదే పని చేసేది ‘రిసైజ్’. డెబియన్, ఉబుంటులో ఎక్స్‌టర్మ్ ప్యాకేజీలో ఉంటుంది. ఫెడోరాలో ‘ఎక్స్‌టర్మ్ రిసైజ్’ అని విడిగా దొరుకుతుంది. రౌటర్ లాంటి చిన్న పెట్టెల్లో ఉండే బిజీబాక్స్‌లో కూడా రిసైజ్ ఉంది, కాకపోతే కట్టేటప్పుడు దాన్ని చేర్చి ఉండాలి.

కొందరు దీన్ని ప్రాంప్ట్ వచ్చిన ప్రతిసారీ నడిచేలా పెట్టుకుంటారు. నేను వద్దంటాను. ఒక కమాండ్ నడుస్తుండగా ముందే తర్వాతి కమాండ్ కొట్టే అలవాటు నాకుంది. రిసైజ్ జవాబు కోసం చూస్తూ ఆ అక్షరాలని కూడా మింగేస్తుంది. సగం కమాండ్ పోయి సగం నడిస్తే ఏమవుతుందో ఊహించుకోండి.

నేను రెండు రోజులు పోగొట్టుకున్న ఇంకో సంగతి ఉంది. లైన్స్, కాలమ్స్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్, అంటే షెల్ తన నుంచి నడిచే ప్రోగ్రాములకి అందించే విలువలు. ఎవరో పాత సలహా చూసి ప్రొఫైల్‌లో కాలమ్స్ 80 అని ఎక్స్‌పోర్ట్ చేశాను, మరిచిపోయాను. ఎన్‌కర్సెస్ (టెర్మినల్ తెర గీసే లైబ్రరీ) మీద కట్టిన ప్రోగ్రాములు కెర్నల్ చీటీ కంటే ఆ వేరియబుల్‌కే ఎక్కువ విలువ ఇస్తాయి. ‘ఎస్‌టీటీవై సైజ్’ 160 అని చూపిస్తుంది, ప్రోగ్రాం మాత్రం 80 దగ్గరే ఆగిపోతుంది. చీటీ సరిగ్గా ఉండి కూడా బొమ్మ తప్పుగా వస్తే, ముందు ‘ఎన్వ్’ కొట్టి ఈ రెండు పేర్లు ఉన్నాయేమో చూడండి. ఉంటే ‘అన్‌సెట్’ చేసేయండి. బ్యాష్ అనే షెల్ తనకోసం వీటిని పెట్టుకోవడం వేరు, అది మామూలే. ‘ఎక్స్‌పోర్ట్’ చేయడమే తప్పు.

పాతమోడెమ్
అక్క చెప్పిన వేరియబుల్ సంగతి బంగారం. నేను రాయడం మరిచాను.

రెండుకళ్ళు
ఇదే విషయం కాబట్టి ఇక్కడే అడుగుతున్నాను. నేను రిటైర్డ్ మాస్టారిని, వయసు 67. అబ్బాయి కొనిచ్చిన కొత్త మానిటర్ ఫోర్‌కే. డెబియన్ వేసుకున్నాను. గ్రాఫిక్స్ లేకుండా నల్ల తెర మీదే రాసుకోవడం నాకిష్టం. కానీ అక్షరాలు ఆవగింజంత వస్తున్నాయి. అద్దాలు పెట్టుకున్నా చదవలేకపోతున్నాను. ఎస్‌టీటీవైతో వరుసలు 40 చేశాను. అక్షరాలు పెద్దవి కాలేదు, పై భాగంలోనే రాస్తోంది.

నల్లకన్సోల్
మాస్టారూ, మీది వేరే పొర. ఎస్‌టీటీవై చీటీలో అంకె మారుస్తుంది అంతే, అక్షరాన్ని ముట్టుకోదు. మీకు కావలసింది పెద్ద ఫాంట్.

లెక్క చూడండి. ఫోర్‌కే తెర 3840 అడ్డం, 2160 నిలువు చుక్కలు. 8 చుక్కల వెడల్పు, 16 చుక్కల ఎత్తు ఉన్న ఫాంట్ పెడితే 480 గళ్ళు, 135 వరుసలు వస్తాయి. ఎవరు చదవగలరు? అదే 16, 32 ఫాంట్ పెడితే 240 గళ్ళు, 67 వరుసలు. ఫుల్ హెచ్‌డీ మానిటర్ మీద 8, 16 ఫాంట్ పెట్టినా సరిగ్గా ఇంతే వస్తుంది. అంటే పాత మానిటర్ మీద మీకు ఉన్న సైజే తిరిగొస్తుంది, పైగా అంచులు ఇంకా నునుపుగా ఉంటాయి.

డెబియన్‌లో రూట్‌గా (అడ్మిన్ యూజర్‌గా) ‘డీపీకేజీ రీకాన్ఫిగర్ కన్సోల్ సెటప్’ నడపండి (డీపీకేజీకీ రీకాన్ఫిగర్‌కీ మధ్య, కన్సోల్‌కీ సెటప్‌కీ మధ్య చిన్న గీత). వరుసగా ప్రశ్నలు అడుగుతుంది. ఫాంట్ దగ్గర టెర్మినస్, సైజ్ దగ్గర 16, 32 ఎంచుకోండి. బూట్ చేసిన ప్రతిసారీ అదే వస్తుంది.

ఉబుంటు_అభిమాని
ఇంత ఎందుకు? గ్రబ్‌లో (సిస్టమ్‌ని బూట్ చేసే ప్రోగ్రాంలో) రిజల్యూషన్ 1920, 1080 చేస్తే అక్షరాలు వాటంతటవే రెండింతలు అవుతాయి కదా. నేను ఎప్పుడూ అలాగే చేస్తాను.

నల్లకన్సోల్
రెండు కారణాల వల్ల మాస్టారికి నేను ఆ దారి చెప్పలేదు. గ్రబ్‌లో పెట్టిన గ్రాఫిక్స్ మోడ్ బూట్ తొలి క్షణాల్లోనే చెల్లుతుంది. కెర్నల్‌లో గ్రాఫిక్స్ డ్రైవర్ లేవగానే అది మానిటర్‌ని అడిగి దాని అసలు రిజల్యూషన్ పెట్టేస్తుంది. అక్షరాలు కాసేపు పెద్దగా కనిపించి ఒక్కసారిగా చిన్నవైపోవడం మీరూ చూసే ఉంటారు. కెర్నల్ లైన్లో ‘వీడియో’ పారామీటర్ ఇస్తే డ్రైవర్ వింటుంది, అది నిజం. కానీ ఎల్‌సీడీ తెరకి దాని సొంత రిజల్యూషన్ ఒకటే. తక్కువ ఇస్తే మానిటర్ ఉన్న బొమ్మని సాగదీస్తుంది, చాలా మానిటర్లలో అంచులు మసకబారతాయి. కళ్ళు బలహీనంగా ఉన్న మనిషికి మసక అక్షరం ఇవ్వడం నాకు నచ్చదు. తెర సొంత రిజల్యూషన్ అలాగే ఉంచి ఫాంట్ పెంచడమే మంచిది.

ఉబుంటు_అభిమాని
సరే, ఒప్పుకుంటాను. ఇవాళ నా దగ్గర రెండూ పెట్టి పక్కపక్కన చూశాను. ఫాంట్ పెంచినదే స్పష్టంగా ఉంది. మాస్టారూ, మార్చే ముందు ఒకసారి పరీక్షించాలంటే కొత్త కేబీడీ ప్యాకేజీ ఉన్నచోట ‘సెట్‌ఫాంట్ మైనస్ డీ’ కొట్టండి, ఉన్న ఫాంటే రెండింతలు అవుతుంది. రీబూట్ చేస్తే పోతుంది, కాబట్టి భయం లేదు.

రెండుకళ్ళు
నాయనలారా, చదవగలుగుతున్నాను! 16, 32 పెట్టాను. అద్దాలు ముక్కు మీదికి జార్చుకోవాల్సిన పని లేకుండా పోయింది. ఇంకొక కోరిక. ఈ నల్ల తెర మీద తెలుగు ఎందుకు రాదు? పెద్ద ఫాంట్‌లో అయినా గడులే వస్తున్నాయి.

పాతమోడెమ్
మాస్టారూ, అది సైజ్ వల్ల కాదు. లైనక్స్ నల్ల కన్సోల్ ఫాంట్‌లో 512 బొమ్మలకే చోటు. యూనికోడ్‌లో తెలుగుకి ఇచ్చిన స్థానాలు 128 మాత్రమే అయినా, గుణింతాలు, ఒత్తులు కలిస్తే వచ్చే ఆకారాలు వందల్లో ఉంటాయి. పైగా ‘క్ష్మి’ లాంటి అక్షరాన్ని ఏ ముక్క పైన, ఏ ముక్క కింద పెట్టాలో పేర్చే పని ఒకటుంది. కన్సోల్‌లో ఆ పేర్చే యంత్రాంగమే లేదు. ఒక అక్షరానికి ఒక గడి, అంతే.

తెలుగు రాయాలంటే గ్రాఫిక్స్‌లో టెర్మినల్ కిటికీ తెరవాలి. అక్కడ కూడా గడి కొలత దగ్గర చిక్కు ఉంది. ఒక తెలుగు అక్షరం ఎన్ని గళ్ళు పడుతుందో ప్రోగ్రాం ఒకటి అనుకుంటుంది, కిటికీ ఇంకొకటి గీస్తుంది. అందుకే కొన్నిట్లో లైను మధ్యలో కర్సర్ అక్షరానికి దూరంగా కనబడుతుంది. రెండూ ఒకే లెక్క వేసుకోకపోతే తెర చెడుతుంది. కాలవగట్టు తమ్ముడికి 200 కాలమ్స్‌తో జరిగిందీ అదే కదా. మన భాషకి ఈ పని ఇంకా పూర్తి కాలేదన్న బాధ నాకు చాలా ఏళ్ళుగా ఉంది. మీరు తెలుగు పొడుగ్గా రాసేదుంటే మాత్రం టెర్మినల్ వదిలి మామూలు టెక్స్ట్ ఎడిటర్ వాడండి, హాయిగా ఉంటుంది.

రెండుకళ్ళు
అర్థమైంది నాయనా. ఇంగ్లీషు నోట్సు ఇక్కడ, తెలుగు అక్కడ. సంతోషం.

నల్లకన్సోల్
ఫ్రీబీఎస్‌డీకి మానిటర్ తగిలించేవాళ్ళకి ఒక్క ముక్క: అప్పటికప్పుడు మార్చడానికి ‘విడ్‌కంట్రోల్ మైనస్ ఎఫ్ టెర్మినస్ మైనస్ బీ32’. శాశ్వతంగా కావాలంటే బూట్ డైరెక్టరీలోని లోడర్ డాట్ కాన్ఫ్‌లో ‘స్క్రీన్ డాట్ ఫాంట్’ కి 16ఎక్స్32 అని రాయండి.

కాలవగట్టు
నా సంగతి చెప్పాలి. ప్రొఫైల్‌లో ఆ లైను పెట్టాను. మూడుసార్లు లాగిన్ అయి చూశాను, ప్రతిసారీ 45 160. క్రాన్‌టాబ్ మళ్ళీ తెరిచి లైను లైనూ చదివాను. ఇప్పుడు ఏ లైనూ ఇంకో లైను మీద పడటం లేదు. రాత్రి 2 గంటల బ్యాకప్ నడిచింది, పొద్దున్నే ఫైళ్ళ తేదీలు చూసుకున్నాను. క్రాన్ తప్పుల మెయిల్ రూట్ పేరు మీద లోపలే పడి ఉండేది, అది నా మెయిల్‌కి వచ్చేలా మార్చాను.

ఇంకో ప్రశ్న. పెట్టెలో టీమక్స్ (ఒకే టెర్మినల్ సెషన్‌ని వేరే వేరే చోట్ల నుంచి తెరవనిచ్చే ప్రోగ్రాం) నడుపుతున్నాను. ఫోన్‌లోంచి టర్మక్స్ అనే టెర్మినల్ యాప్ ద్వారా ఎస్‌ఎస్‌హెచ్‌లో అదే సెషన్‌కి వెళ్తే ల్యాప్‌టాప్‌లో తెర కూడా ఫోన్ అంత అయిపోతుంది, చుట్టూ చుక్కలు వస్తున్నాయి. ఇదీ చీటీ సమస్యేనా?

వంటింటి_సర్వర్
కాదు తమ్ముడూ, అక్కడ చీటీలు రెండూ సరిగ్గానే ఉన్నాయి. ఒకే కిటికీని రెండు తెరల మీద చూపించాలి కాబట్టి టీమక్స్ ఏదో ఒక సైజ్‌కి కట్టుబడాలి. ఎంచుకున్న సైజ్ నీ తెర కంటే చిన్నదైతే మిగిలిన చోటే ఆ చుక్కలు. పాత టీమక్స్ ఎప్పుడూ చిన్న తెరనే ఎంచుకునేది. ఇప్పటి వాటిలో ‘విండో సైజ్’ అనే ఆప్షన్ ఉంది. దానికి ‘లేటెస్ట్’ అని ఇస్తే చివరగా ఎవరు కీ నొక్కారో వాళ్ళ తెర సైజ్ తీసుకుంటుంది. ల్యాప్‌టాప్‌లో ఏదైనా కీ నొక్కితే మళ్ళీ పెద్దదవుతుంది.

నువ్వు ఒక్కడివే కాబట్టి ఇంకా తేలిక దారి: ‘టీమక్స్ అటాచ్ మైనస్ డీ’ తో వెళ్ళు. మిగతా చోట్ల తెరిచి ఉన్నవాటిని వదిలించి నీ తెర సైజ్ పెట్టుకుంటుంది.

కాలవగట్టు
మైనస్ డీ తో సరిపోయింది అక్కా. ఆఖరిది: బాబాయి వాళ్ళబ్బాయి ల్యాప్‌టాప్‌లో మినీకామ్ ఉంది. నేను లేనప్పుడు వాడే చూస్తాడు. వాడికీ ఇదే చెప్పనా?

పాతమోడెమ్
రిసైజ్‌విన్ వాడమనే చెప్పు. చేత్తో అంకెలు కొట్టేటట్టయితే వరుసలు ఒకటి తగ్గించమను. మినీకామ్ అట్టడుగు వరుసని తన స్టేటస్ లైన్ కోసం ఉంచుకుంటుంది. కిటికీ 45 అయితే వాడు పెట్టాల్సింది 44.

కాలవగట్టు
సరే మోడెమ్ గారూ. కాగితం మీద రాసి ఆ కేబుల్‌కే కట్టి వస్తాను.